దీపము క్రింది చీకటి

పాత ఇత్తడిదీప మొకటి అంగడిలో వ్రేలాడుచుండును. దాని గోడలనిండ చిల్లులు. లోపల వెలుగుంచినచో ఆకులు, తీగలు, నక్షత్రములు గది నాలుగు గోడలపై పరచుకొనును. ఇది ఏ యూరిదని యడిగిన అంగడివాడు తడుముకొనక చెప్పును: ఒకనాడు మొరాకో, ఒకనాడు డమాస్కసు, పారశీక వస్తువులకు గిరాకి హెచ్చిననాడు పారశీకము. నూరేండ్లది కావలెనన్నవారికి నూరేండ్లది. మూడువందల యేండ్లది కావలెనన్నవారికి ఆ మూడువందలును సిద్ధముగనే యుండును. కొన్నవాడు సంతసించును, అమ్మినవాడు అంతకంటె సంతసించును. దీపమునకు మాత్రము పుట్టిన యూరు పోయినది. దానిని చేసిన చేతికి పేరు పోయినది.

ఇది ధనికుల ముచ్చట, కూటికి లేని దేశమున దీపముల జాతకములతో నేమి పని యని కొందరు పెదవి విరుతురు. ఆ మాట చూపునకు ఉదారముగ నుండును గాని విచారణకు నిలువదు. మరపై అచ్చువేసిన గుడ్డను పోచంపల్లి యని యమ్మినచో మన మేల మండిపడుచున్నాము? ఆ పేరు వెనుక నేతకుటుంబముల కూడు కలదు గనుక. పుట్టిన యూరి పేరునకు విలువ కలదనియు, దానిని కల్ల వస్తువునకు తగిలించుట నేరమనియు 1999లో మన పార్లమెంటు భౌగోళిక గుర్తుల చట్టమును చేసినది. 2003 సెప్టెంబరు 15 నుండి అది అమలునకు వచ్చినది. పోచంపల్లి ఇక్కత్తు, మొరాదాబాదు లోహపుపని, పెంబర్తి ఇత్తడిపని ఆ నమోదులో నున్నవి. నేడు చేయు వస్తువునకు ఇంత కాపుదల అవసరమైనపుడు, తాతలు చేసిన వస్తువునకు తోచిన యూరిపేరు తగిలించుట న్యాయ మెట్లగును? చచ్చిన పనివాడు దావా వేయజాలడని కదా ఈ ధైర్యము!

మా వాదము ఒక్కటే. ఒక దీపము ఎచట పుట్టినదనునది అభిరుచికి సంబంధించిన మాట కాదు. అది జరిగిన సంగతి. జరిగిన సంగతికి సాక్ష్యము కావలెను. న్యాయస్థానములలో నిత్యము తిరుగు మాబోటివారికి ఈ నియమము క్రొత్తది కాదు. నిపుణుడు బోనెక్కి అభిప్రాయము చెప్పవచ్చును. కాని ఆ యభిప్రాయమునకు గల ఆధారములను గూడ అతనిని అడుగవచ్చునని 1872నాటి సాక్ష్యచట్టపు 51వ విభాగము చెప్పినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున నిలిచిన భారతీయ సాక్ష్య అధినియమమును ఈ సూత్రమును విడువలేదు. పది సెంట్ల పొలము తగవులో మనము కోరు ఈ కనీసపు రుజువును లక్షలకు అమ్ముడగు దీపము విషయమున ఏల కోరము? ‘చూడగనే తెలిసిపోవును’ అనుట ఆధారము కాదు. అది అహంకారము.

చూడగనే తెలిసిపోవునను వారు చూచున దేమి? మొదట నగిషీ. ఎనిమిది కొనల నక్షత్రము కనబడిన మొరాకో యందురు. తీగచుట్లు కనబడిన పారశీక మందురు. కాని నగిషీవలె కాలినడకన దేశములు తిరిగినది మరియొకటి లేదు. నక్షత్రపు గళ్లు కైరో మసీదు తలుపులపై నున్నవి, గ్రనడా కోటగోడలపై నున్నవి, ఆగ్రా రాతిజాలీలలో నున్నవి. పైగా 19వ శతాబ్ది చివర డమాస్కసు, కైరో నగరముల పనివారు యాత్రికుల కొరకు, ఎగుమతి కొరకు, అయిదారువందల యేండ్లనాటి మమ్లూకు సుల్తానుల కాలపు నగిషీని బుద్ధిపూర్వకముగ తిరిగి చెక్కిరి. డమాస్కసులో యూదులు, ముస్లిములు, క్రైస్తవులు గూడ ఆ పని చేసిరి. అవి మోసపు వస్తువులు కావు. మంచి పనివారు తమకాలమున చేసిన మంచి పనులు. వానిని 14వ శతాబ్దివని చెప్పి యమ్ముట మాత్రము మోసము. ఆ యబద్ధము కొన్నవానికి నష్టము, చేసినవానికి అవమానము.

రెండవది లిపి. అరబ్బీ అక్షరములు కనబడగనే అరబ్బుదేశమని తీర్పు చెప్పుదురు. అరబ్బీ అక్షరము బీజాపురమున లేదా? గోలకొండ సమాధులపై లేదా? హైదరాబాదు ఆషూర్‌ఖానాలలోని అలములపై, చిల్లులు కోసిన లోహపు రేకులలోనే, ఆ యక్షరములు వెలుగుచుండలేదా? కొన్ని దీపములపై అక్షరములవలె కనబడునవి అసలు అక్షరములే కావు. చదువరాని చేయి చూచి గీసిన గీతలవి. చదువక తీర్పు చెప్పువాడును, చదువరాక చెక్కినవాడును ఇచట సమానులే. చెక్కినవాడు కనీసము తన పని తాను చేసినాడు.

మూడవది మరింత సూక్ష్మమైనది, పండితులను సైతము తడబడజేసినది. దీపముపై పనివాని పేరున్నది, పేరు చివర ఊరున్నది. ఇక సందేహ మేల యందురు. తురకదేశపు అంకారా వస్తుప్రదర్శనశాలలో చిల్లులపని చేసిన మసీదు దీప మొకటి కలదు. బేషెహిరు పట్టణమందలి మసీదునుండి అది వచ్చినది. దానిని చేసినవాడు అలీ బిన్ ముహమ్మదు. అతని యింటిపేరు నిసీబిన్ పట్టణమును తెలుపును. ఆ పేరు మాత్రమే మిగిలియుండినచో దీపమును నిసీబిన్‌దే యని వ్రాసియుందురు. కాని ఆ పనివాడు వివేకి. తా నెచట కూర్చుండి పనిచేసెనో అదియు చెక్కినాడు: కొన్యా నగరము, హిజ్రీ 679, అనగా 1280–81. పేరు ఒక యూరు, పుట్టుక మరియొక యూరు, వెలిగినది మూడవ యూరు! మోసులు పనివారి సంగతియు నిట్టిదే. తాము మోసులువారమని చెక్కుకొన్న పనివారి వస్తువులు లోకమున అనేకములు కలవు. వానిలో బ్రిటిషు మ్యూజియమందలి బ్లాకాస్ కూజా 1232లో మోసులులోనే చేయబడినట్లు తానే చెప్పుచున్నది. పారిసు నగరపు లూవ్ర్‌లోని కూజాను హుసేన్ బిన్ ముహమ్మదు అల్ మోసిలీ 1259లో చేసినది డమాస్కసులో. మన యిండ్లపేర్లు ఏ యూరివో, మనము కాపురముండు టెచటనో ఎరిగిన తెలుగువారికి ఈ న్యాయము విప్పిచెప్ప నవసరము లేదు.

ఊహ ఒకసారి అచ్చులో కెక్కిన తరువాత దానిని దింపుట ఎంత కష్టమో చెప్పుట కొక దృష్టాంతము చాలును. వెండి పొదిగిన ఇత్తడిపళ్లెములు, చిల్లులు కోసిన ఇత్తడిగోళములు కొన్ని ఐరోపాలో మిగిలియుండెను. వెనిసు నగరమున స్థిరపడిన ముస్లిము పనివారే వానిని చేసిరని 19వ శతాబ్దిలో ఒక సిద్ధాంతము బయలుదేరినది. రుజువేమి? వస్తువులు ఇటలీలో దొరకినవి, అంతే. వెనిసులో అట్టి కార్ఖానా యుండినట్లు ఆధారము లేదనియు, ఆ నగరపు వృత్తిసంఘముల కట్టుబాట్లే దానికి అడ్డమనియు 20వ శతాబ్దిలో విమర్శకులు తేల్చిరి. అయినను ‘వెనిసు సారసను పని’ యను పేరు నేటికిని పట్టికలను విడువలేదు. దొరకిన చోటే పుట్టినచోటని తలంచుట ఎంత పాతతప్పో చూడుడు.

ఇంతవరకు పరుల ముచ్చట. ఇప్పుడు మన యింటికి వత్తము. 1881లో అమెరికా చిత్రకారుడు లాక్‌వుడ్ డి ఫారెస్టు అహమ్మదాబాదునకు వచ్చి మగన్‌భాయి హఠీసింగ్‌తో కలసి కొయ్యచెక్కడపు కార్ఖానాను నెలకొల్పెను. అచట టేకుచెక్కడములు మాత్రమే గాక చిల్లులు కోసిన ఇత్తడి రేకులును తయారైనవి. 1572–73లో కట్టిన సిదీ సయ్యదు మసీదు రాతిజాలీలలో అల్లుకొన్న చెట్టుకొమ్మలను చూచి పెరిగిన ఊరది. రాతిని లతవలె కోసిన ఊరివారికి ఇత్తడి రేకు ఒక లెక్కా? ఆ పనులు ఓడలెక్కి అమెరికా సంపన్నుల మేడలను చేరినవి. న్యూయార్కులో ఆండ్రూ కార్నెగీ కట్టుకొన్న మేడ నేడు కూపర్ హ్యూయిట్ ప్రదర్శనశాలగ నున్నది. అందలి టేకుగది ఈ కార్ఖానా సంబంధమునకు నేటికిని నిలిచియున్న గురుతు. గదికి పేరెవరిది? డి ఫారెస్టుది. అతని చూపు మంచిది, అతడు పనిచూపి కూలియిచ్చినాడు, కాదనము. కాని ఉలి పట్టిన మేస్త్రీల పేర్లేవి? యజమాని పేరు గ్రంథములలో నిలిచినది. పనివాడు ‘దేశీయ శిల్పి’ యను రెండు మాటలలో కరగిపోయినాడు. అట్టి రేకుతో కట్టిన దీపము ఇల్లు చెదరి బజారున పడినచో దానిని చూచినవాడు ఏమనును? మొరాకో యనును, లేదా డమాస్కసు అనును. అహమ్మదాబాదు వాని నోటికి రాదు. దీపము క్రిందనే చీకటి!

ఈ మాట విని మన మిత్రులలో కొందరు చప్పట్లు కొట్టుదురని ఎరుగుదుము. అట్లయిన లోకమందలి చిల్లుల దీపములన్నియు మనవే యని వారు చాటింపవేయుదురు. వారికి మా మనవి: ఆ చప్పట్లు ఆపుడు. అన్యుడు మన సొత్తును తనదనుట దొంగతన మైనచో, మనము అన్యుని సొత్తును మనదనుట ఏమగును? డమాస్కసు యూదు పనివానికిని, కైరో కంచరికిని బిడ్డలు లేరా, ఆకలి లేదా? తనవారికి జరిగిన అన్యాయమును పరులకు జరుపుట దేశభక్తి కాదు. మనవారు చేయజాలరా యని వారు ప్రశ్నింతురు. చేయగలరు. పెంబర్తి పనివారు ఇత్తడి రేకును మైనమువలె వంచగలరు. అది వారి నేర్పునకు రుజువు. ఎదుటనున్న దీపమునకు రుజువు కాదు. ఈత వచ్చినవాడని ఎవనికిని ఏటి ఆవలిగట్టు పొలమును పట్టా చేయరు. నిజము చెప్పవలెనన్న, మన దక్షిణదేశపు దేవళములలోని కుందులు, గొలుసుదీపములు సాధారణముగ పోతపనులు. గాలికి మంట ఆరకుండ చుట్టును చిల్లులరేకు గోడను కట్టు సంప్రదాయము వేరు. రెండును గౌరవనీయములే. రెంటిని కలిపి కలగూరగంప చేయుట రెంటికిని ద్రోహము.

అయినచో నిజము తెలియు టెట్లు? తెలియదు గనుకనే ఊహించుచున్నామని వ్యాపారులు వాదింతురు. ఇది సోమరి వాదము. దీపము మూగది కాదు. అడుగు రీతిని అడిగినచో అది సాక్ష్య మిచ్చును.

మొదట రేకును పట్టిచూడుడు. సమ్మెటతో సాగగొట్టిన రేకు ఒకచోట పలుచన, ఒకచోట మందము. మరలో సాగదీసిన రేకు అంతటను ఒకటే మందము. పిమ్మట చిల్లుల అంచులు. బెజ్జము వేసి, సన్నని రంపముతో గాని ఉలితో గాని కోసి, ఆకురాయితో రుద్దిన చిల్లు ప్రక్కచిల్లుతో పూర్తిగ సరిపోలదు. లోపలి అంచున పనిముట్టు గీతలు కనబడును. మర అచ్చుతో ఒక్కపెట్టున గ్రుద్దిన చిల్లులన్నియు కవలపిల్లలు. ఒకప్రక్క అంచు లోనికి ఒరిగి, రెండవప్రక్క గరుకు లేచియుండును. తరువాత అతుకు. రెండు అంచులను పళ్లవలె కోసి ఒకదానిలో నొకటి జొనిపి గట్టి టంకముతో అతికిన పని ఒక విధము. తరిమెనపై త్రిప్పుచు అచ్చునకు నొక్కి తీసిన అతుకులేని బుడ్డి మరియొక విధము. దీని మేన చుట్లుచుట్లుగ గీతలుండును. మరమేకు లున్నచో వాని చుట్లు సమముగ నున్నవో, చేతి ఆకురాయితో కోసినట్లున్నవో చూడవలెను. విద్యుత్తు తీగకు రంధ్రమున్నచో అది దీపముతో పుట్టినదా, తరువాత పొడిచినదా? లోపల నూనెగిన్నె కూర్చుండు వలయము కలదా? పొగమసి ఎచట పట్టినది? 

అడుగున ముద్ర యున్నదేమో వెదకుడు. పరదేశపు సరకుపై పుట్టిన దేశపు పేరు ఉండవలెనని 1890లో అమెరికా సుంకపు చట్టము శాసించినది. ఇంగ్లీషు అక్షరములలో ‘ఇండియా’ యని ముద్ర పడినచో అది ఆ కాలమునకు గాని తరువాతి కాలమునకు గాని చెందినదని ఊహించుటకు బలమైన ఆధారము. మూడువందల యేండ్ల కథ అచటనే కూలును. ముద్ర లేకపోవుట మాత్రము దేనికిని రుజువు కాదు.

కడపట లోహము. ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును. తుత్తునాగపు ఖనిజముతో రాగిని మూసలో కాల్చు పాతపద్ధతిని ఇత్తడిలో తుత్తునాగము నూటికి సుమారు 30 పాళ్లకు మించుట దుర్లభము. అంతకు మించినచో విడదీసిన లోహమునే కలిపిరని అర్థము. ఐరోపాలో విలియం చాంపియను ఆ లోహమును తీయు విధానమునకు హక్కుపత్రము పొందినది 1738లో. ఉదయపురము సమీపమందలి జావర్ గనులలో మనవారు అంతకు శతాబ్దుల ముందే కొలుములు నింపి తుత్తునాగమును బట్టీ పట్టుచుండిరి. కనుక ఒకే లెక్క ఐరోపా దీపమున ఒక కాలమును, భారతదేశపు దీపమున మరియొక కాలమును సూచింపవచ్చును. ఎక్స్‌కిరణ పరీక్షతో దీపమునకు గాటు పెట్టకయే ఈ పాళ్లు తెలిసికొన వీలగుచున్నది. అయినను పరీక్షాయంత్రము అంకెలనే చెప్పును, తీర్పు చెప్పదు. ఈ సాక్షులలో ఏ యొక్కడును ఒంటరిగ చాలడు. అందరును ఒకే దిక్కునకు చేయి చాపినపుడు ఆ దిక్కున ఊరి పేరు వ్రాయవచ్చును. లేనిచో ‘ఊరు తెలియదు’ అని వ్రాయుట నిజాయితీ. అందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఇట్టి సాక్ష్యము న్యాయస్థానమున గెలువదని నిరాశ చెందువారు తంజావూరు ప్రాంతపు పత్తూరు నటరాజును తలంచుకొందురు గాక. 1976లో భూమినుండి వెలికివచ్చిన ఆ కంచువిగ్రహము చేతులు మారి లండను చేరినది. ఇది ఆ యూరిదే యని, అచటనే దొరకిన తక్కిన విగ్రహములతో పోల్చి, అంటియున్న మట్టిని పరీక్షించి, నిపుణులు సాక్ష్యమిచ్చిరి. శిథిలమైన చిన్నదేవళము పక్షమున ఇంగ్లాండు న్యాయస్థానమే తీర్పు చెప్పినది. 1991లో నటరాజు స్వదేశము చేరినాడు. కేకలు ఆ విగ్రహమును తేలేదు; ఓపికతో కూర్చిన రుజువు తెచ్చినది.

మన చట్టములోను బలము లేకపోలేదు. 1972లో చేసి 1976 ఏప్రిల్ 5 నుండి అమలుపరచిన పురావస్తువుల, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లకు తక్కువ కాని ఇట్టి వస్తువును ప్రైవేటువారు దేశము దాటింపరాదు. పురావస్తువా కాదా యను తగవు వచ్చినచో దానిని తేల్చునది పురావస్తుశాఖ అధికారి. వర్తకము నెరపువారి యుక్తి ఇచట చూడవలెను. కొనువానితో నది మూడువందల యేండ్లది; ఎగుమతి అధికారితో నిన్నమొన్నటి నకలు! ఒకే దీపమునకు రెండు పుట్టినదినములు! చేతిలో వ్రాతమూలకమైన ఆధార మొకటి యుండినచో ఈ రెండు నాలుకలు ఒకటి కావలసివచ్చును.

కావున మేము కోరున దేమి? అమ్మువాడు బిల్లుపై ఊరును, కాలమును వ్రాయుటతో నాగక, అట్లనుటకు ఆధారమేదో ఒక్క వాక్యము వ్రాయవలెను. ఆధారము లేనిచో ఊరు వ్రాయరాదు. ప్రదర్శనశాలలు తమ చీటీలపై రుజువైనది, ఊహించినది, తెలియనిది అను మూడింటిని విడదీసి చూపవలెను. నగిషీ ఏ సంప్రదాయపుదో ఒక పంక్తిని, పని ఎచట జరిగెనో మరియొక పంక్తిని వేరుగ పేర్కొనవలెను. చేయించినవాని పేరు తెలిసి చేసినవాని పేరు తెలియనిచో, ఆ తెలియమిని గూడ చీటీపై నొప్పుకొనవలెను.

ఇక చదువరులారా, మీ వంతు. మీ యటకపై, దేవుని గూటిలో, పెట్టెయడుగున పాతదీప ముండవచ్చును. తూకమునకు ఇత్తడికొనువాడు వీధిలో కేక వేయగనే దానిని దింపకుడు. పండుగ వచ్చినదని చింతపండు, ఇసుక పట్టించి తళతళలాడునట్లు తోమకుడు. ఆ చిలుములో, ఆ మసిలో, దాని జాతకమున్నది. నాలుగు వైపులను, అడుగును, లోపలిని ఛాయాచిత్రము తీయుడు. ఎత్తు, బరువు కొలిచి వ్రాయుడు. ఎవరు ఎచట కొనిరో, ఏ పెండ్లికి ఏ యింటినుండి వచ్చెనో ఇంటి పెద్దముత్తయిదువ బ్రతికియుండగనే అడిగి వ్రాసికొనుడు. ఆమెతో పోవు సాక్ష్యమును ఏ ప్రయోగశాలయు తిరిగి తేజాలదు. ప్రతి పఠనమందిరమును ఇందుకొక పుస్తకము నుంచవచ్చును. దానికయ్యెడు ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము.

ఊరు లేని మనిషిని పోలీసు నిలిపి అడుగును. ఊరు లేని వస్తువును వర్తకుడు తనకు కావలసిన యూరికి మార్చుకొనును. మొరాకోదైన మొరాకోకు, డమాస్కసుదైన డమాస్కసుకు, అహమ్మదాబాదుదైన అహమ్మదాబాదుకు దాని పేరు దానికి చెల్లవలెను. పనివానికి కూలి ఎగవేయుట పాపమని మనవారు నమ్ముదురు. అతని పేరు ఎగవేయుటయు పాపమే. ఈ బాకీ తీరువరకు ఏ దీపము వెలిగినను దాని క్రింద చీకటి యుండనే యుండును.